పీరియడ్స్‌లో మోషన్ సంగతి కూడా అడగండి

డేటొచ్చిన పిల్లను మనం అడిగేవి రెండే ప్రశ్నలు: బ్లీడింగ్ ఎక్కువగా ఉందా, నొప్పిగా ఉందా? ‘ఉంది’ అంటుంది. మాత్ర ఇస్తాం, పడుకోమంటాం. మోషన్ ఎలా అవుతోందని అడిగే తల్లి అరుదు. పిల్ల తనంతట తాను చెప్పదు. నెలసరి మాట ఎత్తడానికే సిగ్గు, దాని మీద విరేచనాల సంగతి కూడానా! అందుకని పొట్టలో ఏం జరుగుతున్నా ‘కడుపునొప్పి’ అని ఒక్కమాటలో తేల్చేస్తుంది. ఆ నొప్పి అంతా గర్భసంచిదే కానక్కర్లేదు. పేగుది కూడా కొంత ఉంటుంది. ఏది ఎంతో తెలియకుండా ఇచ్చే మాత్రా, పెట్టే తిండీ ఒక్కోసారి బాధను పెంచుతాయి.

నెలసరికి ముందు వారం పది రోజులు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఒంట్లో ఎక్కువగా ఉంటుంది. దానివల్ల పేగు కదలిక మందగిస్తుంది, ఒంట్లో నీరు నిలుస్తుంది. పొట్ట ఉబ్బుతుంది, మోషన్ సరిగ్గా కాదు, పోయిన వారం సరిపోయిన చుడీదార్ ప్యాంటు బొందు బిగుతుగా ఉందంటుంది. డేటొచ్చేసరికి కథ తిరగబడుతుంది. గర్భసంచి లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి. గర్భసంచిని బిగించి ఆ పొరను బయటికి నెట్టడం వాటి పని. పక్కనే ఉన్న పేగును కూడా అవి వదలవు. అందుకే నిన్నటిదాకా మోషన్ కాని పిల్ల ఇవాళ తెల్లారేసరికి మూడుసార్లు బాత్రూమ్‌కి పరిగెడుతుంది. కొందరికి వికారం, వాంతి కూడా. మొదటి ఒకటి రెండు రోజులే దీని జోరు. ‘నిన్న ఆ నూడిల్స్ తినొద్దంటే విన్నావా?’ అని తిట్టబోయేముందు క్యాలెండర్ వైపు ఒకసారి చూడండి.

ఇక తిండి. మన చోడవరం దగ్గరి గోవాడ అంటే చక్కెర ఫ్యాక్టరీ, చెరకు తోటలు, పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్. అలాంటి చోట ఆడపిల్ల పెద్దమనిషయిందంటే నువ్వుల చిమ్మిలి దంచకుండా ఉంటారా? నానమ్మ ప్రేమగా ఉండ మీద ఉండ తినిపిస్తుంది. ఆ ప్రేమను కాదనను. నువ్వులు మంచివే. కానీ నూనెగింజ, దాంట్లో బెల్లం. విరేచనాలతో, వికారంతో ఉన్న పిల్ల పొట్టకు మొదటి రోజున అది బరువు. రెండు రోజులాగి పెడితే ఆ ఉండే ఇష్టంగా తింటుంది. బెల్లంతో రక్తం పడుతుందన్న నమ్మకం కూడా మన వైపు గట్టిది. అందులో ఉండే ఇనుము తక్కువ, రక్తహీనత పోగొట్టేంత కాదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండడం, భోజనం అయిన వెంటనే టీ తాగనివ్వకపోవడం అంతకంటే మేలు.

మోషన్ కాని రోజుల్లో చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, జామకాయ, ముఖ్యంగా నీళ్ళు. విరేచనాలైన రోజు పలచటి మజ్జిగలో కాస్త ఉప్పు, మెత్తటి అన్నం, అరటిపండు. డేట్లో పెరుగు, మజ్జిగ తగలకూడదనే పట్టింపు కొన్ని ఇళ్ళలో ఉంది. దానికి వైద్యపరంగా ఆధారం లేదు. పాలు తాగితే పొట్ట ఉబ్బే పిల్లకు మాత్రం ఆ నాలుగు రోజులూ పాలు తగ్గించండి. అల్లం, సొంఠి నొప్పిని కొంత తగ్గిస్తాయని చిన్న చిన్న పరీక్షల్లో కనబడింది కాబట్టి సొంఠి కాఫీకి అడ్డు చెప్పను. పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచితో కాపడం అన్నిటికంటే తేలిక. పొట్ట కాలకుండా మధ్యలో తువ్వాలు వెయ్యండి.

విరేచనాలు ఎక్కువైతే ఓఆర్ఎస్ అవసరం. ఇక్కడో జాగ్రత్త. ఓఆర్ఎస్ అని అట్ట మీద రాసి, లోపల చక్కెర నీళ్ళు నింపి చాలాకాలం అమ్మారు. దాని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్ అని అడిగి తీసుకోండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళంటే అన్నిట్లోనే కలపాలి. రుచి కోసం చక్కెర కలపకూడదు.

అసలు చిక్కు ఇంట్లో కంటే బడిలో ఎక్కువ. పొద్దున్నే టిఫిన్ సగం తిని చోడవరం బస్సెక్కే పిల్ల, సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఎన్ని గుక్కల నీళ్ళు తాగుతుందో ఎప్పుడైనా అడిగారా? బాత్రూమ్ బాగోదు, తలుపుకి గడియ ఉండదు, ప్యాడ్ ఎక్కడ వెయ్యాలో తెలియదు. అందుకని నీళ్ళు మానేస్తుంది. వచ్చిన మోషన్ ఆపుకుంటుంది. నెలంతా ఇలా ఆపుకునే అలవాటు పడితే మలబద్ధకం రాకేం చేస్తుంది? సంచిలో నింపి పంపిన నీళ్ళ సీసా సాయంత్రం అలాగే నిండుగా తిరిగొస్తోందా చూడండి. అలా వస్తోందంటే ఇంట్లో ఎంత పీచు పదార్థం పెట్టినా లాభం తక్కువ. తలుపు గడియ, నీళ్ళు, మూతున్న చెత్తబుట్ట గురించి పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. తండ్రులు అడిగితే ఇంకా మంచిది. మార్కుల గురించి అడగడానికి లేని మొహమాటం దీనికెందుకు? పొద్దున మాత్రం ఇంట్లో పది నిమిషాలు ఎవరూ తలుపు తట్టకుండా బాత్రూమ్ ఆ పిల్లకు వదలండి.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర సంగతీ తెలుసుకోవాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దాంతో కొందరికి వికారం, మలబద్ధకం వస్తాయి, మోషన్ నల్లగా అవుతుంది. నల్లగా అవడం చూసి భయపడి పిల్లలు మాత్ర పారేస్తుంటారు. భోజనం తర్వాత వేసుకుంటే ఇబ్బంది చాలావరకు తగ్గుతుందని ముందే చెప్పండి.

నొప్పి మాత్రల్లో మెఫెనమిక్ యాసిడ్ ఉన్నవి మన షాపుల్లో చీటీ లేకుండానే చేతికిచ్చేస్తారు. ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించే మందు కాబట్టి పని చేస్తుంది. కానీ ఖాళీ కడుపుతో వేస్తే మంట, వాంతి. పొద్దున టిఫిన్ తినని పిల్లకు మాత్ర ఒక్కటే మింగించి బస్సెక్కించడం చాలా ఇళ్ళలో జరిగేదే. 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఈ మందు గురించి ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది. అరుదుగా కొందరికి కొన్ని వారాల్లో జ్వరం, ఒంటి మీద దద్దుర్లతో తీవ్రమైన అలర్జీ రావచ్చని. అందుకే మొదటిసారి డాక్టరు వయసూ బరువూ చూసి మోతాదు చెప్పాక, తిన్న తర్వాతే ఇవ్వండి. అల్సర్, ఉబ్బసం, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు సొంతంగా ఇవ్వకండి. జ్వరం ఉంటే అసలొద్దు. డెంగీ అయితే ఈ రకం మాత్రలు ప్రమాదం.

ఇంతవరకూ ఇంట్లో సర్దుకోగలిగినవి. కొన్ని సర్దుకోకూడనివి. నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగి, నడిస్తే ఎక్కువవుతూ, జ్వరం, వాంతులు తోడైతే అది అపెండిక్స్ కావచ్చు. డేట్ టైమే కదా అని రాత్రంతా ఆగకండి. మలంలో రక్తం, డేట్ అయిపోయాక కూడా ఆగని విరేచనాలు, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే మోషన్లు, ప్రతి నెలా బడి మానేంత నొప్పి, మోషన్‌కి వెళ్ళినప్పుడు కోసినట్టు నొప్పి, ఇవేవీ ‘పెళ్ళయితే అవే పోతాయి’ అని వదిలేసేవి కావు. చివరి రెండూ ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు వల్ల కూడా రావచ్చు. అది పదిహేనేళ్ళ పిల్లకూ వస్తుంది. ముందు చోడవరం ప్రభుత్వాసుపత్రి, అక్కడ తేలకపోతే అనకాపల్లి ఎన్టీఆర్ ఆసుపత్రి, విశాఖ కేజీహెచ్ ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు రెండు మూడు నెలల లెక్క పట్టుకెళ్ళండి. డేట్ ఎప్పుడొచ్చింది, ఏ రోజు ఎన్ని మోషన్లు, ఏం తింటే పెరిగింది, ఏ మాత్ర వేశారు. ఇది మీరు రాయడం కాదు, గోడ క్యాలెండర్ మీద గుర్తులు పెట్టుకోమంటే పిల్లే రాసుకుంటుంది. డాక్టరు ప్రశ్నకు మీరు అడ్డుపడి జవాబు చెప్పకండి. కాసేపు బయట బెంచీ మీద కూర్చోండి. మీ ముందు చెప్పలేనిది ఏదైనా ఉంటే అప్పుడు చెప్పుకుంటుంది.