వడదెబ్బ: మనం చేయవలసింది, మనకు రావలసింది

మీ ఇంటి మనిషిని వార్డులో చేర్చి బయట బెంచీ మీద కూర్చున్న మీరు ఒక్క విషయం ఆలోచించండి. ఎండ అందరి మీదా కాస్తుంది కదా, మరి వడదెబ్బకు చనిపోయేది ఎవరు? కలుపు తీసే కూలీలు, ఇటుక బట్టీల పనివారు, రిక్షా తొక్కేవారు, రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలివారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి 2,000 మందికి పైగా ఇలా చనిపోయారు. ఎక్కువమంది కూలీలు, వృద్ధులే.

బొగ్గు, పెట్రోలు మండించిన పొగ వల్ల భూమి వేడెక్కి, వడగాడ్పులు పెరుగుతున్నాయి. ఆ పొగలో కూలి మనిషి వంతు ఎంత? కట్టెల పొయ్యి పొగ, అంతే. శిక్ష మాత్రం ముందుగా ఆమెకే పడుతోంది. బైబిలులో యోనా ప్రవక్త కూడా సొరచెట్టు నీడ పోగానే ఎండదెబ్బకు సొమ్మసిల్లాడు. నీడ అనేది విలాసం కాదు.

వడదెబ్బను గుర్తుపట్టడం నేర్చుకోండి. ఒంటి వేడి 104 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. ఒళ్ళు పొడిగా ఉంటేనే వడదెబ్బ అనుకోవద్దు, పనిలో పడిపోయినవారికి చెమట పడుతూనే ఉండవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా ఊరికే చూస్తూ ఉండకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చన్నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. ఉల్లిపాయ వాసన చూపిస్తూ సమయం పోగొట్టకండి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

బీపీకి, గుండెకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికీ, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారికీ ముప్పు ఎక్కువ. అలాగని మీ అంతట మీరు మందులు మానిపించకండి. డిశ్చార్జి రోజున డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

ఇక మనకు రావలసిన దాని గురించి. ఉపాధి పనుల చోట నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. కనుక మేస్త్రీని నీళ్ళు అడగడం బతిమాలుకోవడం కాదు. వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి ప్రభుత్వ సహాయం కూడా ఉంటుంది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లక్ష రూపాయలు ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆ సహాయాన్ని 4 లక్షలకు పెంచింది. అయితే అది ఎండ వల్ల జరిగిన మరణమేనని అధికారులు విచారించి ధ్రువీకరించాలి. "గుండె ఆగింది" అనుకుని సాయంత్రానికే మట్టి చేసిన కుటుంబం ఆ తరువాత దేనితో రుజువు చేస్తుంది? దుఃఖంలో ఉన్నవారికి పోస్టుమార్టం మాట చెప్పడం మాకూ కష్టమే. అయినా చెబుతున్నాము, ఆ కాగితం లేక దరఖాస్తు ఆగిపోవచ్చు.

ఎండలో పడిపోయినవారిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు, వారు ఏ పనిలో ఉన్నారో, ఎన్ని గంటలు ఎండలో ఉన్నారో, ఎక్కడ పడిపోయారో నర్సమ్మకు చెప్పి కేసు షీటులో రాయించండి.