లూగౌ సేతువు సింహాలు: అర్థనిర్ణయమునకు ముందు కాలనిర్ణయము

బీజింగ్ నగరమునకు నైరృతిదిశగా యుంగ్‌డింగ్ నదిపై నున్న లూగౌ శిలాసేతువు జిన్ వంశీయుల పాలనలో 1189లో ప్రారంభింపబడి 1192లో పూర్తియైనది. కమానులు 11, పొడవు 266 మీటర్లకు పైబడినది. ఇరుప్రక్కల పిట్టగోడలలోని 281 స్తంభాల శిరస్సులపై సింహాలు కూర్చుండి యున్నవి. ఒకదాని పాదము క్రింద పిల్ల వెల్లకిల పడి ఆడుచుండును. వేరొకదాని వీపుపైకి పిల్ల ఎగబ్రాకుచుండును. ఇంకొకటి బంతిని అదిమిపట్టి యుండును. ఈ సింహాలు లెక్కకు అందవని చైనీయుల నానుడి. 1962లో లెక్కించినపుడు 485 తేలినవి; తరువాతి గణనలో సంఖ్య 500 దాటినది. అరిగిపోయిన బొడిపెను పిల్లగా గ్రహించుటయా, మానుటయా అనుటలోనే ఈ భేదమంతయు నున్నది.

ఈ చేష్టలను శిల్పుల వినోదమని కొట్టివేయుట తగదు. చైనా భాషలో సింహవాచకమునకును, గురువాచకమునకును ఉచ్చారణ ఒక్కటే. పెద్ద సింహము చెంత చిన్నది నిలిచినచో ఆస్థానమందలి మహాగురు, ఉపగురు పదవులు స్ఫురించును. తరతరాలకు ఉన్నతపదవులు లభించుగాక యను ఆశంస సిద్ధించును. ఇది శిలలో పలికిన శ్లేష. అలంకారశాస్త్రము చదివినవారికి ఈ వ్యాఖ్య సహజముగనే రుచించును. చిక్కు కూడ అందుననే యున్నది.

ఏలయనగా ఈ సింహాలన్నియు ఒక కాలమువి కావు. జిన్, యువాన్ కాలాలవి సన్నని దేహము, ఇరుకైన ముఖము, నిటారైన కాళ్లు గలవి. మింగ్ కాలమువి పొట్టివి, బలిసినవి. బంతిపైనను, పిల్లపైనను పాదము మోపుట వీనిలో ప్రచురము. 1698లో కాంగ్‌షీ చక్రవర్తి ఈ వంతెనను పునరుద్ధరింపజేసెను. 20వ శతాబ్దిలో సయితము కొన్ని సింహాలు క్రొత్తగా చెక్కి నిలుపబడినవి. మింగ్, చింగ్ కాలాల కళలో విస్తరించిన శ్లేషను 12వ శతాబ్ది శిల్పికి అంటగట్టుట, ప్రక్షిప్తశ్లోకమును బట్టి మూలకర్త హృదయమును నిర్ణయించుట వంటిది. తాళపత్రములను పరిష్కరించువారికి ఈ దోషము క్రొత్తది కాదు.

13వ శతాబ్ది యాత్రికుడు మార్కోపోలో సాక్ష్యము కొంతవరకే ఉపకరించును. స్తంభసింహాలను అతడు పేర్కొనెను గాని కమానులు 24 అనెను!

సింహము చైనా దేశపు మృగము కాదనుటయు గమనింపదగినది. పశ్చిమదేశాల కానుకగా హాన్ ఆస్థానమునకు వచ్చినది. బౌద్ధముతో దాని రూపము వ్యాపించినది. మృగమును కన్నులార చూడని శిల్పికి పెంపుడు కుక్కపిల్లల ఆటయే ఆదర్శమైనదేమో. మన దేవాలయస్తంభాలపై వ్యాళమును చెక్కినవారికి నున్న స్వేచ్ఛయే వీరికిని దక్కినది. కాని వ్యాళము భయమును గొల్పును. లూగౌ సింహము నవ్వించును.

ప్రాచీనలక్షణములు గల సింహముపై పిల్ల కానవచ్చినచో, అది తొలి శిల్పి కల్పనయా, అనంతరకాలపు చేర్పా యనునది ఉలిజాడను, రాతి అరుగుదలను పోల్చి నిర్ణయింపవలసి యున్నది.