తెర మీద తెలుగు: ఇంటి కంప్యూటర్‌కు మానిటర్ ఎంచుకోవడం ఎలా?



"కథ" అని రాయమంటే చాలామంది "కధ" అని రాస్తారు. పుస్తకం చదివే పిల్లలు అలా రాస్తే అది అలవాటు తప్పు. కంప్యూటర్ మీద చదివే పిల్లలు రాస్తే తప్పు ఒక్కోసారి తెరది కూడా కావచ్చు. థ లోపలి చుక్క సరిగా కనబడకపోతే, కంటికి అది ధ లాగే తోస్తుంది.

అమ్మానాన్నల ఉద్యోగం బదిలీలదైతే మన తెలుగు కూడా మనతోపాటే ఊళ్ళు తిరుగుతుంది. ఇప్పుడు మనం సుక్మాలో ఉన్నాం. 2012 జనవరిలో దంతెవాడ నుంచి విడిపోయి ఏర్పడిన జిల్లా ఇది. ఇక్కడి శబరి నది దక్షిణానికి పారి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కోంటా సంతలో తెలుగు మాటలు వినిపిస్తాయి. దోర్లా ప్రజల మాటలోనూ తెలుగుకు దగ్గరి పలుకులు చాలా ఉన్నాయి. అంటే చెవికి తెలుగు దొరుకుతుంది, కంటికే కరువు. కంటికి దొరికే తెలుగు ఎక్కువగా తెర మీదే. పగలు అమ్మో నాన్నో ఆఫీసు పని చేసుకునే కంప్యూటరే సాయంత్రం మన తెలుగు పుస్తకం అవుతుంది. అందుకే ఇంట్లో మానిటర్ కొనే మాట వచ్చినప్పుడు పిల్లలకూ కొంత తెలిసి ఉండాలి.

1. అంగుళాలు ఒక్కటే చూడకూడదు

24 అంగుళాల మానిటర్ అంటే ఒక మూల నుంచి ఎదుటి మూల వరకు కొలిచిన పొడవు. లెక్కల్లో దీన్నే కర్ణం అంటాం. తెర అంతా సన్నని చుక్కలతో నిండి ఉంటుంది. వీటినే పిక్సెళ్ళు అంటారు. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి.

అంగుళానికి ఎన్ని చుక్కలో తెలుసుకోవడానికి పైథాగరస్ సిద్ధాంతం చాలు. 1920 వర్గం 36,86,400. 1080 వర్గం 11,66,400. రెండూ కలిపితే 48,52,800. దాని వర్గమూలం సుమారు 2203. దీన్ని 24తో భాగిస్తే అంగుళానికి 92 చుక్కలు వస్తాయి.

ఇదే లెక్క మిగతా తెరలకు వేస్తే:

- 32 అంగుళాల టీవీ (1366 × 768): 49
- 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920 × 1080): 82
- 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920 × 1080): 92
- 27 అంగుళాల క్యూహెచ్‌డీ (2560 × 1440): 109
- 27 అంగుళాల 4కే (3840 × 2160): 163

తెర పెద్దదై, చుక్కల సంఖ్య పెరగకపోతే ఒక్కో చుక్క లావవుతుంది. ఫుల్ హెచ్‌డీలో 24 కన్నా 27 గొప్పగా కనిపిస్తుంది గాని, దగ్గర కూర్చుని చదివేవారికి 24లోనే అక్షరం నీటుగా ఉంటుంది.

2. మన అక్షరానికి మూడు అంతస్తులు

ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు ఒక వరుసలో కూర్చుంటాయి. తెలుగు అక్షరానికి పైన తలకట్టో గుణింతమో, మధ్యలో అసలు అక్షరం, కింద ఒత్తు ఉంటాయి. "రాష్ట్రం"లో ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు కూడా చేరతాయి. ఇవన్నీ ఒక్క గీత ఎత్తులో ఇమడాలి.

12 పాయింట్ల అక్షరం అంటే అంగుళంలో ఆరో వంతు. పైన చెప్పిన టీవీలో ఆ ఎత్తుకు దొరికేవి 8 చుక్కలే. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 15, 27 అంగుళాల క్యూహెచ్‌డీలో 18, 4కేలో 27 దొరుకుతాయి. ఎనిమిది చుక్కల్లో మూడు అంతస్తుల ఇల్లు కట్టమంటే గోడలు ఒకదానిలో ఒకటి కలిసిపోవూ? ప, వ ఒకేలా ఉంటాయి. "పత్తి", "పత్ని" ఒకేలా తోస్తాయి. అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు, కానీ అప్పుడు తెరకు నాలుగైదు వాక్యాలే పడతాయి. పాటలకు, వీడియో పాఠాలకు టీవీ సరిపోతుంది. చదువుకు మానిటరే మంచిది.

తెలుగు చదివే ఇంటికి మేము చెప్పే సలహా ఇది: కనీసం 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, వీలైతే 27 అంగుళాల క్యూహెచ్‌డీ. పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం తెర అయితే అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదువుకోవచ్చు. ఆటల కోసం చెప్పే పెద్ద పెద్ద హెర్ట్జ్ అంకెలు చదువుకు అవసరం లేదు.

3. కొనేముందు చూడవలసినవి

మొదట ల్యాప్‌టాప్ పక్కన ఉన్న సాకెట్లు చూడండి. హెచ్‌డీఎంఐ ఉంటే సులువు. యూఎస్‌బీ-సీ సాకెట్ ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని అనుకోకూడదు. కొన్నిట్లో ఛార్జింగు, ఫైళ్ళు మాత్రమే వెళ్తాయి. పాత హెచ్‌డీఎంఐ 4కేను సెకనుకు 30 సార్లే చూపగలదు. అప్పుడు మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదిలినట్టు ఉంటుంది.

రెండోది స్టాండు. తెర పై అంచు కంటి ఎత్తులో గాని, కాస్త కింద గాని ఉండాలి. ఎత్తు మార్చే స్టాండు లేకపోతే కింద గట్టి పీట వేసుకోవచ్చు. తెరకూ కంటికీ మధ్య చాచిన చెయ్యంత దూరం ఉంచండి. కిటికీ వెనక గాని ఎదుట గాని కాకుండా పక్కన ఉండేలా బల్ల వేయండి. ఇరవై నిమిషాలకు ఒకసారి, ఇరవై అడుగుల దూరంలోని చెట్టునో గోడనో ఇరవై సెకన్లు చూడండి.

మూడోది కరెంటు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, మానిటర్ మాత్రం ఆరిపోతుంది. 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ వాడేది సుమారు 20 నుంచి 30 వాట్లే కాబట్టి చిన్న యూపీఎస్ చాలు. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు తీసేయడమే మేలు.

4. బదిలీ ఇంటికి ప్రత్యేక సూత్రాలు

సొంత ఊళ్ళో ఉండేవారు మానిటర్ కొని బల్ల మీద పెట్టి మరచిపోతారు. మన ఇంట్లో అది మళ్ళీ లారీ ఎక్కుతుంది.

- అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ పారేయకండి. క్వార్టర్‌లో అటక మీద దాచండి.
- స్టాండు విడదీసి సర్దండి. పెట్టెను నిలువుగానే ఉంచాలి. పడుకోబెట్టి పైన సామాను పెడితే తెర పగులుతుంది.
- వారంటీ దేశమంతటా చెల్లుతుందా, మన పిన్ కోడ్‌కు మెకానిక్ వస్తాడా అని ముందే అడగండి. సుక్మా నుంచి జగదల్‌పూర్ సుమారు 100 కిలోమీటర్లు. వానాకాలంలో శబరి పొంగితే కోంటా వైపు దారి ఆగిపోతుంది.
- పెట్టె వచ్చిన రోజే విప్పి, తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసగా పెట్టి చూడండి. మారకుండా నిలిచిన చుక్క ఉంటే వాపసు గడువు దాటకముందే చెప్పండి.
- బిల్లును ఫోటో తీసి దాచండి. సామాను సర్దేటప్పుడు ముందుగా పోయేది కాగితమే.

క్వార్టర్ మారుతుంది, బడి మారుతుంది, పక్క బెంచీ నేస్తం మారతాడు. కొత్త ఊళ్ళో మొదటి వారం అన్నీ పరాయిగానే ఉంటాయి. ఆ వారంలో మన భాష మనకు స్పష్టంగా కనబడాలి.

అభ్యాసం

1. మీ ఇంటి తెరకు అంగుళానికి ఎన్ని చుక్కలో పైథాగరస్ సిద్ధాంతంతో లెక్కించండి.
2. 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకు అదే లెక్క వేయండి. 24 అంగుళాల తెరతో పోల్చండి.
3. "స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, సంస్కృతి, కథ" అనే మాటలను 12 పాయింట్లలో టైపు చేసి, చెయ్యి చాచినంత దూరం నుంచి చూడండి. ప్రతి ఒత్తునూ గుర్తుపట్టి నోటు పుస్తకంలో విడదీసి రాయండి. గుర్తుపట్టలేనివి ఏవో అమ్మానాన్నలకు చెప్పండి.