రొకోకో అలంకారము

ఫ్రాన్సు దేశమును డెబ్బది రెండేండ్లు ఏలిన పదునాలుగవ లూయీ 1715లో మరణించెను. ఆయన బ్రదికియున్నంత కాలము ప్రభువులందఱు వెర్సాయి నగరులో రాజు కనుసన్నల మెలగవలసినవారే. అచ్చటి ప్రతి స్తంభమును రాజు ఘనతను చాటుటకే నిలిచినది. ఆయన పిమ్మట ఐదేండ్ల బాలుడు రాజయ్యెను. రాజప్రతినిధియైన ఓర్లియాన్ ప్రభువు కొలువును పారిసునకు మార్చెను. ప్రభువులకు ఊపిరి తిరిగినట్లయ్యెను. వారచ్చట భవనములు కట్టించుకొనిరి. ఆ గదులు చిన్నవి. నలుగురు కూర్చుండి ముచ్చటించుకొనుటకు తగినవి. వానికి పెద్ద స్తంభము లేమి యొప్పును?

అప్పుడు వర్ధిల్లిన అలంకారమే రొకోకో. ఉద్యానములలోని కృత్రిమ గుహలను రాళ్లతోను ఆలుచిప్పలతోను తీర్చు పనికి ఫ్రెంచి భాషలో 'రొకాయ్' అని పేరు. ఆ చిప్పయంచు మెలికయే ఈ కళకు ప్రాణము. అది తీగవలె గోడపై ప్రాకును. అద్దపు చట్రమును చుట్టుకొనును. గోడ యెచ్చట ముగిసెనో కప్పెచ్చట మొదలయ్యెనో తెలియనీయదు. కుడివైపున ఆకు వంగినచో ఎడమవైపున దానికి జోడు ఉండవలెనను నియమము లేదు. రంగులా, తెలుపు, లేత నీలము, లేత గులాబి. వానిపై బంగారు పూత.

'రొకోకో' యనునది తరువాతివారు ఎగతాళికి పెట్టిన పేరు. ఇది విలాసుల కళయని వారి నింద. ఆ నింద కొంత నిజమే. కాని యీ కళ ప్రభువుల గదులలోనే ఆగిపోలేదు.

జర్మనీలోని బవేరియాలో వీస్ అను పల్లెపట్టు కలదు. ఆ మాటకు పచ్చికబయలని యర్థము. అచ్చట నొక రైతుకుటుంబము ఇంట కొరడాదెబ్బలు తిన్న క్రీస్తు కొయ్యబొమ్మ యుండెను. 1738లో దాని కన్నుల నీరు కనబడెనని వార్త పుట్టగా యాత్రికులు తండోపతండములుగా వచ్చిరి. వారికొఱకు డొమినికుస్ జిమ్మర్మన్ 1745లో గుడి కట్ట మొదలిడెను. అతడు మొదట గారపనివాడు. తడి గార ఆరకముందే ఆకును, పూవును, చిప్పను చేతితో తీర్చవలెను; ఆలస్యమైనచో చెక్కి పాఱవేయవలసినదే. అన్న యోహాన్ బాప్టిస్ట్ కప్పుపై ఆకాశమును చిత్రించెను. 1754లో పని ముగిసెను. డొమినికుస్ ఆ గుడి చెంతనే నివసించి 1766లో కన్నుమూసెను.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ప్రభుత్వము మఠముల ఆస్తులను స్వాధీనము చేసికొని, ఈ గుడిని అమ్మివేయుటయో కూలద్రోయుటయో చేయ నెంచెను. చుట్టుపట్ల రైతులు ఊరకుండలేదు. వారికి 'రొకోకో' యను మాట తెలిసియుండునా? తెలియకపోయినను గుడి తమదని తెలియును. వారు ఎదిరింపగా ప్రభుత్వము వెనుదీసెను. ఆ గారపూవులు నేటికిని నిలిచియున్నవి. 1983లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చెను.