గుండె దడ: వాల్వు లోపమా? ఆందోళనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. టీచర్‌గా పనిచేస్తున్నాను. ఏడాదిగా ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోంది. ఊపిరి అందదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. ఎక్కువగా రాత్రి పని ముగించుకుని పడుకోబోయే వేళకే వస్తోంది. ఈసీజీ ఎప్పుడు తీసినా మామూలుగానే ఉంది. ఎకోలో మాత్రం ‘మైల్డ్ మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్, ట్రివియల్ ఎంఆర్’ అని రాశారు. అది చదివినప్పటి నుంచి మెట్లెక్కాలన్నా భయమేస్తోంది. ఇంట్లోవాళ్లేమో అంతా నీ భ్రమ అంటున్నారు. నాది గుండె జబ్బా, కాదా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ రిపోర్టు సంగతి చూద్దాం. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది మైట్రల్ వాల్వు. గుండె ముడుచుకున్నప్పుడు దాని రెండు రేకులూ మూసుకుని, రక్తం వెనక్కి పోకుండా ఆపుతాయి. కొందరిలో ఈ రేకులు కాస్త వదులుగా ఉండి పై గదిలోకి ఉబ్బుతాయి. అదే ప్రొలాప్స్. నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది. వారిలో చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. ఎంఆర్ అంటే రక్తం వెనక్కి లీకవడం. ‘ట్రివియల్’ అంటే లెక్కలోకి రానంత స్వల్పం. పూర్తి ఆరోగ్యవంతుల ఎకోలోనూ ఇది తరచూ కనిపిస్తుంది.

ప్రొలాప్స్ ఉంటే దడ, ఆయాసం, భయం తప్పవని ఒకప్పుడు వైద్యులే అనుకునేవారు. అయితే ఆ వాల్వు చుట్టూ ఉండే అంచు చదునుగా ఉండదు, గుర్రపు జీనులా వంగి ఉంటుంది. 1980లలో ఇది తేలాక, లేని ప్రొలాప్స్‌ను కూడా ఉన్నట్టు చూపే పాత ఎకో కొలత పద్ధతి మారింది. కొత్త కొలతలతో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు 1999లో లెక్క తీస్తే, ఛాతీనొప్పి, ఆయాసం ప్రొలాప్స్ ఉన్నవారిలో ఎంతో లేనివారిలోనూ దాదాపు అంతే. కాబట్టి మీ బాధకు ఆ స్వల్పమైన లీకును కారణంగా చూపలేం.

ఇక వాల్వు జబ్బుకూ, పానిక్‌కూ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన ఆందోళన) తేడా ఎలా తెలుస్తుందంటారా? ‘ఏం చేస్తుంటే వస్తోంది’ అని చూసుకోండి. వాల్వు నిజంగా పాడైతే ఆయాసం శ్రమను బట్టి వస్తుంది. నిరుడు ఆగకుండా ఎక్కిన మెట్లు ఈ ఏడు మధ్యలో ఆగితే గానీ ఎక్కలేరు. నెలలు గడిచేకొద్దీ చేయగలిగే పని తగ్గుతూ పోతుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండ్లు ఎత్తు పెట్టుకోవాల్సి వస్తుంది. నిద్రలో ఆయాసంతో మెలకువ వచ్చి లేచి కూర్చోవాల్సి వస్తుంది. పాదాలు వాయవచ్చు. బృహద్ధమని వాల్వు సన్నబడితే నడిచేటప్పుడు ఛాతీనొప్పి, స్పృహ తప్పడం కూడా ఉంటాయి.

పానిక్ అలా కాదు. ఊరికే కూర్చున్నప్పుడూ వస్తుంది. సుమారు పది నిమిషాల్లో తీవ్రస్థాయికి చేరి, తర్వాత క్రమంగా తగ్గుతుంది. చేతినిండా పని ఉన్నప్పుడు చాలామందికి గుర్తే రాదు. వేగంగా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్లకూ పెదాల చుట్టూ తిమ్మిరి అందుకే. మీరు రాసినవి చాలావరకు ఇటువైపే ఉన్నాయి.

అయితే లక్షణాలు చదివి ఎవరికి వారే తేల్చుకోకూడదు. వాల్వు జబ్బు ఉన్నా ఈసీజీ మామూలుగా ఉండవచ్చు. స్టెతస్కోపుతో గుండె చప్పుడు వినడం, ఎకో చేయడం, ఈ రెండే వాల్వు సంగతి తేలుస్తాయి. మీకు ఎకో అయింది కనుక దాన్ని నమ్మండి. మళ్లీ మళ్లీ చేయించుకుంటే భయమే పెరుగుతుంది. ప్రొలాప్స్‌కు మళ్లీ ఎప్పుడు చూడాలో మీ డాక్టర్ చెబుతారు. దడకు రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణాలే. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించండి. కాఫీ, టీ తగ్గించండి. దడతో ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా 24 గంటల పాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష అవసరం.

మీ ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఆమెది భ్రమ కాదు. అడ్రినలిన్ పెరిగి గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటోంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో, అవసరమైతే కొన్ని వారాల్లో పనిచేసే మందులతో పానిక్ బాగా తగ్గుతుంది. సైకియాట్రిస్టును కలవండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు, ఇప్పుడు ఆరో నెల. నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రి పడుకుంటే దగ్గు. తొలి కాన్పు భయమని అందరూ అంటున్నారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి మోకాళ్లు, మడమలు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఉండవచ్చమ్మా. చిన్నతనంలో గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం కీళ్లను వదిలేసినా గుండె వాల్వును దెబ్బతీస్తుంది. ఏళ్లు గడిచేసరికి మైట్రల్ వాల్వు సన్నబడుతుంది. మామూలుగా దాని వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. 1.5కు తగ్గితే తీవ్రమైనట్టే. గర్భంలో రక్తం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. ఇరుకు దారిలో అంత రక్తం సాగలేక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. అంతవరకు బయటపడని జబ్బు ఈ నెలల్లోనే బయటపడటం మేం తరచూ చూస్తుంటాం.

గర్భిణులకు కొంత ఆయాసం సహజమే. కానీ పడుకుంటే దగ్గు, కొద్ది నడకకే ఆయాసం, పైగా ఆ పాత కీళ్ల జ్వరం – ఈ మూడూ కలిసినప్పుడు భయమని సరిపెట్టుకోవడం ప్రమాదం. ఎకో కూడా బిడ్డకు తీసే స్కాన్ లాంటిదే, రేడియేషన్ ఉండదు. వాల్వు సన్నబడిందని తేలితే మందులున్నాయి. వాటికి లొంగకపోతే గర్భంతో ఉండగానే బెలూన్‌తో వాల్వును వెడల్పు చేయవచ్చు. కార్డియాలజిస్టు ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే కాన్పు జరగాలి. రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్ గురించీ అడగండి.

ఆయాసంతో కూర్చోలేకపోయినా, నురగ లేదా రక్తపు కళ్లె పడినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోయినా ఆలస్యం వద్దు. రేపే తీసుకెళ్లి ఎకో చేయించండి. చిన్నప్పటి కీళ్ల జ్వరం సంగతి డాక్టర్‌కు ముందుగా మీరే చెప్పండి.