కోటా బియ్యం ఎవరి గడప దాకా?



అపోస్తలుల కార్యముల 6వ అధ్యాయాన్ని మనం ఎక్కువగా పునీత స్తెఫాను గారి కోసం చదువుతాము. ఈ వారం ఆ అధ్యాయంలోని మొదటి వచనాలను తిండిగింజల కోసం చదువుదాం. యెరూషలేములోని తొలి విశ్వాసుల సంఘంలో పేదలకు ప్రతిదినమూ ఆహారం పంచేవారు. పంపకం జరుగుతూనే ఉన్నది, కాని గ్రీకు భాష మాట్లాడేవారి వితంతువులకు మాత్రం సరిగా అందటం లేదు. సణుగుడు బయలుదేరింది. అపోస్తలులు ఆ సణిగినవారిని కసరలేదు, పంపకాన్ని ఆపివేయనూ లేదు. అందరినీ పిలిచి, ఈ పనికి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైనవారి పేర్లు చూడండి, ఏడూ గ్రీకు పేర్లే! ఎవరికి అందలేదో వారి పక్కనుంచే మనుషులను తెచ్చి పని అప్పగించినట్లు కనిపిస్తుంది.

ఈ ఘట్టాన్ని మనసులో ఉంచుకుని మన పలాస, టెక్కలి, ఉద్దానం తీరం వైపు చూద్దాం.

రేషన్ బియ్యాన్ని ఇంటి గడప దాకా చేర్చాలనే ప్రయోగం మన రాష్ట్రంలో మొదలైంది మన జిల్లాలోనే. 2019 సెప్టెంబరు 6న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి పలాస వచ్చి దానిని ప్రారంభించారు. కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆసుపత్రికి శంకుస్థాపన చేసిందీ ఆనాడే. రాళ్లు, నూకలు ఏరివేసిన బియ్యాన్ని 5, 10, 15, 20 కిలోల సంచులలో కట్టి వాలంటీర్లు ఇళ్లకు తెచ్చారు. 2021 ఫిబ్రవరి నాటికి ఆ ఆలోచన 9,260 వాహనాలుగా మారి రాష్ట్రమంతా తిరిగింది. 2025 జూన్ 1 నుంచి చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆ వాహనాలను ఆపి, సరుకులను తిరిగి డిపోలకే అప్పగించింది. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు మాత్రం ఇంటికే ఇవ్వాలన్నది. అంటే ఆరేళ్లలోపే కోటా బియ్యం గడపకు వచ్చి, వీధి మలుపు దగ్గర ఆగి, మళ్లీ డిపోకు చేరుకున్నది.

ఇందులో ఏ పార్టీది గొప్ప అనే తగవును టీ దుకాణం దగ్గరే ఉండనివ్వండి. మనం అడగవలసింది వేరొకటి. ఈ మూడు పద్ధతులలో ఎవరికి అందింది? ఎవరు తప్పిపోయారు?

దీనికి ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు సమస్య ధరది. ఆ ధర తర్వాత పెరిగింది, 2008 ఏప్రిల్‌లో మళ్లీ రెండు రూపాయలైంది, 2011 నవంబరులో ఒక రూపాయికి దిగింది, 2023 జనవరి నుంచి ఉచితమైంది. ఆ మెట్టు దాటినట్టే. 1997లో కేంద్రం పేదలను, పేదలు కానివారిని వేరుచేసి లెక్కించటం మొదలుపెట్టింది. అప్పటినుంచి గొడవంతా కార్డు ఎవరికి అన్నదాని మీదనే. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఒక మంచి మాట చెప్పింది: మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు ప్రభుత్వ దయ కాదు, హక్కు. కార్డుకు ఇంటి పెద్దగా 18 ఏళ్లు నిండిన ఆడవారిలో పెద్దావిడ పేరు ఉండాలని కూడా అన్నది.

ఉద్దానంలో ఈ హక్కు విలువ ఎక్కువ. ఇది తోటల సీమ. కొబ్బరి, జీడి, పనస ఉన్నాయి, కాని ఇంటికి కావలసిన బియ్యం చాలామంది కొనుక్కోవలసిందే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి ఆ చెట్లను కూల్చిన తర్వాత ఈ సంగతి ఎవరికీ చెప్పవలసిన అవసరం లేకపోయింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావటానికి ఏళ్లు పడుతుంది, పొయ్యి మాత్రం పూటపూటకూ వెలగాలి.

ఇక వేలిముద్ర సంగతి. 2015 నుంచి మన డిపోలకు ఈపాస్ యంత్రాలు వచ్చాయి. దొంగ కార్డులను పట్టటానికి అవి పనికివచ్చాయి, కాదనలేం. కాని పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టే ఆడవారి చేతులు ఎప్పుడైనా చూశారా? జీడి గుల్లలోని రసం చర్మాన్ని కాలుస్తుంది. వేలి కొసలు నల్లబడి, పొరలు లేచిపోతాయి. ఏ పని చేసి ఆమె పేదరాలిగా బతుకుతున్నదో, ఆ పనే ఆమె పేదరాలి గుర్తును చెరిపివేస్తుంది! యంత్రం ఒప్పుకోకపోతే కనుపాప ద్వారానో, అధికారి ధ్రువీకరణ ద్వారానో ఇచ్చే మార్గాలు పెట్టారు. అయితే ఆ మార్గం ఉన్నదని ఆమెకు చెప్పేవారు పక్కన ఉండాలి కదా.

వాహనం సంగతీ ఇటువంటిదే. మంచం దిగలేని ముసలమ్మకు అది వరంగా కనిపిస్తుంది. కాని బండి వీధికి వచ్చే వేళకు జీడి బట్టీలో పనిచేసే తల్లి ఇంట్లో ఉండదు. ఆ పూట ఆగితే కూలి పోతుంది, వెళితే బియ్యం పోతాయి. నెల మొదటి తేదీ నుంచి 15 వరకు, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 గంటల దాకా డిపో తెరచి ఉంచాలన్న 2025 నియమం ఆమెకు మేలు. పని దిగి వచ్చి, తన వీలున్న రోజున తెచ్చుకోగలదు. అంటే ఒకరికి గడప మేలు, ఇంకొకరికి డిపో మేలు. అందరికీ ఒకటే దారి అన్నప్పుడల్లా ఎవరో ఒకరు తప్పిపోయారు. నా దృష్టిలో ఈ ఆరేళ్ల అనుభవం నేర్పినది ఇదే, దీనికి ఇంకా పూర్తి జవాబు రాలేదు.

ఎందుకంటే, 65 ఏళ్లు, దివ్యాంగులు అనే ఆ రెండు మాటలను ఉద్దానంలో నిలబడి చదవండి. ఇక్కడ కిడ్నీ జబ్బు నడివయసు వారినే ఎక్కువగా పట్టి పీడిస్తున్నది. దాని కారణం ఇదమిత్థమని ఇప్పటికీ తేలలేదు. 45 ఏళ్ల మనిషి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు పోతాడు, నాలుగేసి గంటలు యంత్రం పక్కన ఉంటాడు, వచ్చి పడుకుంటాడు. వయసు లెక్కలో అతను ముసలివాడు కాడు. దివ్యాంగుడనే పత్రమూ చేతిలో ఉండకపోవచ్చు. కార్డులో పేరున్న ఇంకెవరైనా ఉంటే వేలిముద్ర వేసి తెస్తారు. ఒక్క పేరే ఉన్న కార్డు అయితే? పిల్లలు చెన్నైకో, హైదరాబాదుకో కూలికి పోయిన ఇల్లయితే? డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇవ్వటానికి ప్రభుత్వాల దగ్గర రోగుల జాబితా ఉన్నది. ఆ జాబితాను బియ్యం జాబితా పక్కన పెట్టి చూస్తే సరిపోతుంది. పెద్ద ఖర్చు లేని సంస్కరణ ఇది.

“కోటా బియ్యం అమ్ముకుంటున్నారండీ, వీళ్లకెందుకు?” అనే మాట మన విచారణలలో కూడా వినబడుతుంది. ప్రమాణాల ప్రకారమే చాలాకాలం ఈ బియ్యంలో నూకలు 25 శాతం దాకా ఉండవచ్చు. పిల్లవాడు ముద్ద పక్కకు నెడితే తల్లి నాలుగు కిలోలు అమ్మి నూనె తెచ్చుకుంటుంది. తప్పే అనుకోండి. కాని 2024లో కాకినాడ రేవులో ఓడకు ఎక్కిన రేషన్ బియ్యం ఆ తల్లి కొంగున కట్టుకుపోయినవా? చిన్న సంచిని చూసే కన్ను పెద్ద ఓడను ఎందుకో చూడదు. బియ్యానికి బదులు డబ్బు ఇచ్చేస్తే పోదా అనేవారూ ఉన్నారు. తిత్లీ తర్వాత కరెంటు లేక, దారులు తెగి రోజుల తరబడి ఉన్న ఊళ్లలో బ్యాంకు ఖాతాలోని డబ్బు అన్నం కాలేదు. పట్నంలో సరిపడే మందు తీరంలో సరిపడకపోవచ్చు.

మరి మనం ఏమి చేయగలం? యెరూషలేములో ఏడుగురు కావలసివచ్చారు, మన వీధికి ఇద్దరు చాలు. నెల 10వ తేదీకి ఇంకా బియ్యం తెచ్చుకోని ఇల్లు ఏదో డిపో దగ్గర అడగండి. వేలిముద్ర పడనివారితో వెళ్లి, వేరే మార్గంలో ఇవ్వమని డీలరుతో మాట్లాడండి. మర్యాదగానే మాట్లాడండి, అతనికీ పై నుంచి ఒత్తిళ్లుంటాయి. ఇవ్వనంటే 1967 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. వలస వెళ్లిన పిల్లలు ఎక్కడున్నా అక్కడి రేషన్ దుకాణంలోనే తమ బియ్యం తీసుకోవచ్చునని వారికి చెప్పండి. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య కూడా మొదలైన ఈ సౌకర్యం తర్వాత దేశమంతటికీ వచ్చింది. ఆదివారం పూజ అయిన తర్వాత, మీ వీధిలో డయాలసిస్‌కు వెళ్లే ఇళ్లను, ఒంటరి కార్డులున్న ఇళ్లను ఒక కాగితం మీద రాసి సచివాలయంలో ఇవ్వండి. ఇచ్చిన తేదీ వేయించుకోవటం మరచిపోకండి.