పాత అద్దం ఉంచండి, పాత జిగురు గీకేయండి

అక్వేరియం మూల నుంచి నీళ్లు కారుతున్నాయనగానే ఇంట్లో మొదట వినిపించే మాట "తీసి అవతల పారేయండి" అనే. నిజానికి అక్కడ పాడైంది చాలాసార్లు అద్దం కాదు, అతుకు. ఏళ్ల తరబడి నీళ్లు మోసిన సిలికాన్ పట్టు వదిలేసింది, అంతే. పలకలు విడదీస్తే కొత్త ట్యాంకులకు కావాల్సిన సరుకు చాలావరకు చేతికొచ్చినట్టే.

ఉద్యోగం పోయినప్పుడు, వ్యాపారం మూతబడినప్పుడు మనమూ ఇలాగే తొందరపడతాం. ఎక్కడ కారిందో చూడకుండా "పదేళ్లు బూడిదలో పోసిన పన్నీరు" అనేస్తాం. ఆ పదేళ్లలో నేర్చిన పని అద్దం లాంటిది; హోదా, అలవాటు, పంతం జిగురు. రెండూ వేరుచేయడం తెలిసినవాడు మళ్లీ మొదలుపెట్టగలడు. ట్యాంకు విప్పి కట్టేవాళ్ల పద్ధతి చూడండి.

1. సరుకు తేల్చుకోండి

పలకను వెలుతురుకు ఎత్తి చూడండి. ఉప్పునీటి తెల్లమరక వెనిగర్‌తో తుడిస్తే చాలావరకు పోతుంది. గోటికి తగిలే లోతు గీత పోదు. అంచు పెచ్చులూడిన పలక నీటి ఒత్తిడికి అక్కడే పగలొచ్చు. అది టఫెన్డ్ గ్లాస్ అయితే కట్టర్ జోలికే పోకండి, మొత్తం పొడిపొడి అవుతుంది. మీ నైపుణ్యాల్లోనూ మరక పడిందేదో, పగులు ఇచ్చిందేదో విడివిడిగా రాసుకోండి.

2. గీకడానికి బద్ధకించకండి

ఆరిపోయిన పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగా అంటుకోదు. బ్లేడుతో గీకాలి, అసిటోన్‌తో తుడవాలి. కంటికి కనపడని పొర మిగిలినా రేపు కారేది అక్కడే. కొత్త ఆఫీసులో చేరి "మా పాత కంపెనీలో అయితేనా..." అంటున్నారంటే ఆ పొర ఇంకా మిగిలే ఉంది.

3. సైజు తగ్గితే బలం పెరుగుతుంది

అద్దం మీద నీటి ఒత్తిడి ఎత్తును బట్టి ఉంటుంది, పొడవును బట్టి కాదు. పొడవు పెరిగితే మాత్రం పలక నడుమ ఎక్కువగా వంగుతుంది. అందుకే నాలుగడుగుల పలకను రెండడుగులకు కోసి, ఎత్తు పెంచకుండా వాడితే అదే మందం ఇంకా గట్టిగా నిలుస్తుంది. చిన్నగా మొదలుపెట్టడం నామోషీ అనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

4. తక్కువైనదే కొనండి

48 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు ఉన్న ట్యాంకును రెండు చేద్దామనుకోండి. ముందు, వెనక పలకలు, అడుగు పలక సగానికి కోస్తే రెండింటికీ సరిపోతాయి. పక్క పలకలు నాలుగు కావాలి, ఉన్నవి రెండే. అదే మందంలో మరో రెండు కొంటే పని పూర్తి. అంటే పది పలకల్లో ఎనిమిది పాతవే! కొత్త రంగంలోకి వెళ్లేటప్పుడూ అన్నీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. లోటున్న ఆ రెండు విషయాలకే డబ్బు, సమయం పెట్టండి.

5. గీత ఒక్కసారే

కొలతలు ఎన్నిసార్లయినా సరిచూసుకోండి. గ్లాస్ కట్టర్ మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే ఒత్తిడితో ఒక్కసారే లాగాలి. పడలేదేమోనని అదే గీత మీద మళ్లీ లాగితే కట్టర్ చక్రం పాడవుతుంది, అద్దం అడ్డదిడ్డంగా పగులుతుంది. తర్జనభర్జన నిర్ణయానికి ముందే ముగించేయండి.

6. చేపల కంటే ముందు నీళ్లు

సిలికాన్ కొనేటప్పుడు అక్వేరియానికి పనికొచ్చేదేనా అని అడగండి. బాత్రూమ్ రకాల్లో కొన్నింటిలో బూజు మందు కలుపుతారు, అది చేపలకు విషం. అతికించాక ట్యూబు మీద రాసినంత సమయం ఆరనివ్వాలి. వారం ఆగితే మరీ మంచిది. సాధారణంగా అక్వేరియాలకు వాడే రకం వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన ఉన్నంతసేపూ పని పూర్తి కానట్టే. తర్వాత ట్యాంకును ఆరుబయట పెట్టి, కొద్దికొద్దిగా నింపి, ఒకటి రెండు రోజులు చూడాలి. రెండడుగుల ట్యాంకంటే చిన్నదేం కాదు, నిండితే ఆ నీటి బరువే 120 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. కారితే తడిసేది నేలే, చేప ప్రాణానికి ముప్పు లేదు.

మీ కొత్త ప్రయత్నానికీ అలాంటి పరీక్ష ఒకటి పెట్టుకోండి. ఉన్న జీతం వదలకముందే ఒక చిన్న ఆర్డరు తీసుకోండి, సెలవు రోజుల్లో ఇద్దరికి పాఠం చెప్పి చూడండి. ఎక్కడ కారుతుందో అప్పుడే తెలిస్తే సరిచేసుకోవడానికి ఒక్క సిలికాన్ ట్యూబు ఖర్చు సరిపోతుంది.